బ్యాట్రీలు తీసి పక్కకు పెట్టు

కొంచెం ముందుకు జరగండి. గడప మీద ఎందుకు, లోపలికి వచ్చి చాప మీద కూర్చోండి. ఇది నలుగురిలో గట్టిగా చెప్పే సంగతి కాదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరున్న మనిషికైతే చెప్పగలను.

మా మేడ్చల్ వైపు టార్చిలైటును బ్యాట్రీ అంటాం. "పురుగుంటది, బ్యాట్రీ పట్టుకపో" అంటే చేతిలో పట్టుకునే లైటు అన్నమాట. లోపల వేసేవి సెల్లులు. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు లైటును టార్చి అంటారు, లోపల వేసేవాటిని బ్యాటరీలు అంటారు. మాట ఒకటే, వస్తువులు రెండు. ఇంత చిన్న తేడా ఒక మనిషి కూర్చునే స్టూలును కింది నుంచి లాగేసింది. లాగింది నా నోరే. నోరు అనడం కూడా తప్పే. తెరవాల్సినప్పుడు తెరవని నోరు.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్లయిన మూడో ఏడు మేడ్చల్‌లో రైలు పట్టాల అవతల ఒక రేకుల షెడ్డులో పనికి చేరాను. అరచేతిలో ఇమిడిపోయే చిన్న బ్యాట్రీలు చేసేవాళ్లం. రెండు పెన్సిల్ సెల్లులు పడతాయి. ఇవి ఎక్కడ తయారవుతాయి అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొచ్చేది. ప్లాస్టిక్ ఒళ్లు సూరారంలో పోత పోసి గోనెసంచుల్లో వచ్చేది. బల్బులు ఢిల్లీ నుంచి ఊకలో పడుకుని వచ్చేవి. స్ప్రింగులు ఇంకో చోటివి, సెల్లులు సికింద్రాబాద్‌లో ఒక డిపో నుంచి. ఇన్ని ఊళ్లు మా బల్ల మీద కలిసేవి. చివర్లో మేమే ఒక చీటీ అతికించేవాళ్లం, అందులో మా ఊరి పేరు ఉండేది. ఆ చీటీ అతికించేటప్పుడు నాకు లోలోపల గర్వంగా ఉండేది.

నాకు ఆ పని నేర్పింది అక్క. సొంత అక్క కాదు. శామీర్‌పేట అవతల ఒక పల్లె నుంచి రోజూ వచ్చే ఆమె. షెడ్డు తెరిచిన రోజు నుంచి ఉన్న మనిషి. అప్పటికి నలభై దాటి ఉంటాయి. బల్ల చివర కిటికీ పక్కన ఆమె స్టూలు. ఇంకెవరూ దాని మీద కూర్చునేవాళ్లు కాదు. స్ప్రింగు ఎక్కువ బిగిస్తే సెల్లు మూతి నొక్కుకుపోతుందనీ, తక్కువైతే లైటు వెలిగి ఆరుతుందనీ, వేలితో నొక్కి చూపించింది. వెలుగు సరిగ్గా ఉందో లేదో బల్బును చూసి చెప్పకూడదట, కళ్లు మోసపోతాయట. బ్యాట్రీని అరచేతిలో మూసి పట్టుకుని, వేళ్ల సందుల్లో చర్మం ఎంత ఎర్రగా కనపడుతుందో చూసేది. "గిట్ల రక్తం కనవడాలె పిల్లా. గప్పుడే అది బ్యాట్రీ. లేకుంటే డబ్బీ" అనేది.

సెల్లు మంచిదో చచ్చిందో నాలుకకు వైరు ఆనించి చెప్పేది. ఒకసారి నేనూ ఆనించి ఎగిరి పడితే, బల్ల దగ్గర ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. "దీని నాలిక మీద తోలు లేదే, మొగుణ్ని ఎట్ల తిడతదో ఏమో" అంది అక్క.

మా మీద సూపర్‌వైజరు సారు ఒకాయన. గోదావరి వైపు మనిషి, కొత్త కాలనీలో కాపురం. చెడ్డవాడు కాదు. ఎండాకాలం మాకు కుండ పెట్టించింది ఆయనే. ఆదివారాలు ఆయన భార్యకు సాయంగా వెళ్లేదాన్ని, కారం పట్టించడానికీ అప్పడాలు వత్తడానికీ. ఒక ఆదివారం ఆమె గోడ గడియారం వైపు చూసి, "రేపు షెడ్డు నుంచి వచ్చేటప్పుడు రెండు బ్యాటరీలు పట్టుకురా, సారుకు చెప్పాన్లే" అంది. నేను మర్నాడు రెండు బ్యాట్రీలు, అంటే రెండు లైట్లు, తుడిచి కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. ఆమె కాగితం విప్పి చూసి నవ్వు ఆపుకోలేక మంచం మీద కూర్చుండిపోయింది.

"గడియారంలో టార్చి ఎలా పెట్టనే తల్లీ! టైము వెలిగించి చూడాలా?"

పక్కింటామెను పిలిచి మరీ చెప్పింది. ఆ నవ్వులో విషం లేదు. అయినా నాకు చెవులు కాలిపోయాయి. వాళ్లు బ్యాటరీ అంటే సెల్లు అని ఆరోజే నేర్చుకున్నాను. నేర్చుకున్న సంగతి షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెబితే గడియారం కథ కూడా చెప్పాలి, బల్ల మొత్తం మళ్లీ నవ్వాలి. అందుకని ఆ మాటను లోపలే పెట్టుకున్నాను. అక్కకు కూడా చెప్పలేదు. షెడ్డులో ఆ రెండు అర్థాలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను.

తర్వాతి ఎండాకాలం వచ్చింది. ఒక పెద్ద సరుకు తయారై, సెల్లులు వేసి డబ్బాల్లో సర్ది ఉంది. తీసుకోవాల్సిన వ్యాపారి వాయిదా వేశాడు. కరెంటు కోతలు ఎక్కువై షెడ్డు నెలన్నర మూసేద్దామన్నారు యజమానులు. పైగా ఆ సరుకులో ఒక పేచీ ఉంది. మీటలు వదులు. గుడ్డ తగిలినా ముందుకు జరిగి లైటు వెలిగేది. ఇంకా ఆ సెల్లులు మామూలు రకం. సారు మాకు ఒకసారి ఒకటి కోసి చూపించారు. నడుమ నల్లటి పుల్ల, చుట్టూ నల్లమసి, పైన పల్చటి జింకు రేకు. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ రేకే కరిగిపోతుందట. పూర్తిగా వాడి వదిలేస్తే చిల్లిపడి లోపలి నీరు కారుతుందట. "ఆల్కలైన్ రకమైతే ఎక్కువ రోజులొస్తాయి గానీ, ధర ఎక్కువని మన చిన్న కొట్లవాళ్లు వాటిని ముట్టరమ్మా" అన్నారు. అందుకే అందరూ ఆ మామూలువే వేసేవాళ్లు.

మూసే రోజు మధ్యాహ్నం సారు ఊరికి బయల్దేరుతున్నారు. బంధువుల పెళ్లి. సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర నన్ను పిలిచారు. అక్క లోపల స్టోరు గదిలో ఉంది.

"మీ అక్కతో చెప్పమ్మా, డబ్బాల్లోంచి బ్యాటరీలన్నీ తీసి పక్కన పెట్టెయ్యమని. మర్చిపోవద్దు, ఎండలు మండిపోతున్నాయి."

"సరే సార్" అన్నాను. స్టోరు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి పోకుండా అక్కణ్నుంచే చెప్పాను.

"అక్కా, బ్యాట్రీలు తీసి పక్కకు పెట్టమన్నడు సారు."

"అన్నీనా?"

"అన్నీనట."

"ఇగ సర్దినయి మల్ల తియ్యాల్నా? ఈ సారుకు పనీపాటా లేదు" అని గొణిగింది. చీర కొంగు దోపుకుంది.

నేను బల్ల తుడిచి, నా గిన్నె కడుక్కుని వచ్చేసరికి అక్క సగం పని చేసేసింది. మళ్లీ ఆ గుమ్మంలో నిలబడ్డాను. అక్క ఒక్కో బ్యాట్రీని డబ్బాలోంచి తీసి, దుమ్ము లేకుండా మెత్తటి గుడ్డతో తుడిచి, అర మీద నిలబెడుతోంది. తోక వైపు సన్నం, మూతి వైపు వెడల్పు, అందుకని పడిపోకుండా మూతి కిందికి పెట్టి నిలబెట్టింది. బడిపిల్లల్లాగా వరసలు. సెల్లులు లోపలే ఉన్నాయి.

గోడ గడియారం గుర్తొచ్చింది. సారు అన్నది సెల్లులు కదా, అనుకున్నాను. ఏమో, లైట్లే అన్నారేమో, అనుకున్నాను. ఇప్పుడు అంటే అక్క "గా సంగతి నీకెట్ల తెల్సు?" అంటుంది. అప్పుడు అదంతా చెప్పాలి. బస్సు టైమవుతోంది. పెద్ద మనిషి, నాకు పని నేర్పిన మనిషి, ఆమెకు తెలియదా, అనుకున్నాను. ఇన్ని అనుకోవడానికి పట్టినంత సేపు చాలు, ఒక్క మాట అనడానికి. అనలేదు. అక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను కొంగు సర్దుకుని, "పోతున్న అక్కా" అని వచ్చేశాను.

నెలన్నర తర్వాత షెడ్డు తెరిచారు. స్టోరు తలుపు తీయగానే పుల్లటి వాసన. వరసలు వరసలుగానే ఉన్నాయి. సారు ఒకటి చేతిలోకి తీసుకుంటే, కింద అర మీద గోధుమరంగు ముద్ద అంటుకుని ఉంది. మూత విప్పితే స్ప్రింగుల మీద తెల్లటి పిండి పేరుకుపోయింది. అక్క తుడిచిన గుడ్డకు మీటలు జరిగాయి. మూతి కిందికి ఉంది కాబట్టి వెలిగిన లైటు ఎవరికీ కనపడలేదు. రేకు కప్పు కింద ఆ ఎండలో, చెక్కకు మూతి ఆనించి, ఎవరికీ అక్కరలేని వెలుగు వెలిగి వెలిగి సెల్లులు చచ్చి కారిపోయాయి. ఆమె శ్రద్ధగా తుడవకపోయి ఉంటే సగమన్నా బతికేవి.

"బ్యాటరీలు తియ్యమని చెప్పి వెళ్లాను కదమ్మా!" అన్నారు సారు. ఆయన మీద యజమానులున్నారు.

"తీసిన గద సార్! అన్నీ తీసి పెట్టిన. ఒక్కటన్న డబ్బాల ఉంచిన్నా? సూడుండ్రి!" అంది అక్క.

"టార్చీలు కాదమ్మా, బ్యాటరీలు!"

"అవే గద సార్ ఇవి!"

బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నా వైపు తిరిగారు. "నువ్వేం చెప్పావ్ ఈవిడకి?"

అందరి కళ్లూ నా మీద. నా నోటి నుంచి వచ్చిన మాట ఇదీ: "మీరు చెప్పింది చెప్పినట్టే చెప్పిన సార్."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను పుట్టి ఎన్నడూ ఆడలేదు. అక్క నా వైపు చూసింది. స్టూలు మీద ఉన్న తన గుడ్డను తీసుకుని మడత పెట్టింది.

వారం తిరక్కుండా అక్కను రావద్దన్నారు. సారు మాత్రం ఒక దయ చూపించానని అనుకున్నారు. "మీ అమ్మాయిని పంపండి ఆ స్థానంలో. చదువుకుంటోంది కాబట్టి చెప్పింది అర్థమవుతుంది" అన్నారు. అక్క బిడ్డ ఆ ఏడే పదో తరగతిలోకి వచ్చింది. ఇంట్లో తండ్రి, పెదనాన్న కలిసి తేల్చేశారు. అంతకుముందు బిడ్డ చదువు గురించి అక్క మాట చెల్లేది. పనికి పోయే మనిషి కదా. ఇప్పుడు ఆమె మాట మొదలుపెడితే చాలు, "నువ్వు బ్యాట్రీలు పక్కకు పెట్టే మనిషివి, నీకేం సమజైతది, పక్కకు కూసో" అనేవారట. బడి మానిపించారు. ఆ పిల్ల రెండు జడలతో వచ్చి, కిటికీ పక్కన తల్లి స్టూలు మీద, నా పక్కన కూర్చుంది.

దానికి పని నేర్పమని సారు నాకే చెప్పారు. తల్లి నాకు నేర్పిన పనిని బిడ్డకు నేర్పాను. స్ప్రింగు నొక్కి చూపించాను. అరచేతిలో మూసి రక్తం రంగు చూపించాను. "గిది ఎవరు నేర్పిండ్రు చిన్నమ్మా?" అని అడిగింది. "మీ అమ్మ" అన్నాను. "మా అమ్మకు గింత తెల్సా?" అంది ఆశ్చర్యంగా. ఇంకోరోజు అన్నం తింటూ, "సమజ్ కాకుంటే మల్లొకసారి అడగాలె గదా. అమ్మ ఏదీ అడగది, దబదబ చేసేస్తది. దాని వల్లనే నా సదువు పాయె" అంది. నా నోరు అప్పుడూ తెరుచుకోలేదు. అట్లా ఏళ్లు గడిచాయి. అక్క ఊరు బస్సులో ముప్పావుగంట దూరం. పండక్కి పోలేదు, పబ్బానికి పోలేదు. ఆ పిల్ల "మా అమ్మ నిన్ను అడిగింది" అంటే, "అడిగిన్నని చెప్పు" అనేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక బజారు మారిపోయింది. చైనా నుంచి చిన్న చిన్న లైట్లు వచ్చాయి. బల్బు లేదు, ముత్యమంత గింజ, తెల్లటి వెలుగు. కొన్నింటిలో బొత్తాం సెల్లులు. కొన్నింటికి వెనక రెండు పిన్నులు, గోడ ప్లగ్గులో గుచ్చితే చార్జి అవుతాయి. లోపలి సెల్లును మనం చూడనే చూడం, అతికించేసి ఉంటుంది. మా షెడ్డులో స్ప్రింగులు బిగించడం ఆగిపోయింది. తయారై వచ్చిన లైట్లను డబ్బాల నుంచి తీసి, వెలుగుతుందో లేదో చూసి, చిన్న అట్టపెట్టెల్లో పెట్టడమే పని. చీటీ మీద మా ఊరి పేరు పోయింది. బల్ల చుట్టూ మనుషులు తగ్గిపోయారు, నలుగురమే మిగిలాం.

ఒకరోజు ఆ పిల్ల, అప్పటికి పెద్దదైంది, అట్లాంటి ఒక లైటును అటూ ఇటూ తిప్పి మూత కోసం వెతికింది. దొరకలేదు. నవ్వింది.

"సూడు చిన్నమ్మా, దీంట్ల తీసేదే లేదు. గిసొంటిది గప్పుడుంటే మా అమ్మ కొలువు పోకపోవు. మస్తు తెలివిగల్లది అనిపించుకునేది."

అది హాస్యానికి అన్నది. నాకు మాత్రం స్టోరు గుమ్మం, మెత్తటి గుడ్డ, రెండుసార్లు తిరిగిన ఆ తల, అన్నీ ఒకేసారి కళ్ల ముందు నిలబడ్డాయి. చేతిలో లైటు బల్ల మీద పెట్టి చెప్పేశాను. గడియారం సంగతి నుంచి మొదలుపెట్టి, సారు గేటు దగ్గర అన్న మాట, నేను గుమ్మంలో నిలబడి చూసింది, చూసి మాట్లాడకుండా బస్సెక్కింది, అన్నీ.

"మీ అమ్మకు తెలివి లేక కాదు బిడ్డా. ఆ మాటకు రెండర్థాలని ఆమెకు తెలియదు. నాకు తెల్సు. తెలిసి నేనే చెప్పలే."

అది మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా లైట్లు అట్టపెట్టెల్లో పెడుతూనే ఉంది. అన్నం గంట కొట్టాక లేచి నిలబడి అంది: "నాకెందుకు చెప్తున్నవు? ఆదివారం రా. అమ్మకు చెప్పు."

వెళ్లాను. శామీర్‌పేటలో దిగి ఆటోలో పల్లెకు. దారిలో ఒకప్పటి ద్రాక్షతోటలన్నీ తీసేసి రాళ్లు పాతి ఉన్నాయి, ప్లాట్లు. అక్క ఇంటి ముందు అరుగు మీద కొత్తిమీర కుప్ప పోసుకుని కట్టలు కడుతోంది. జుట్టు నెరిసింది. చేతులు మాత్రం అవే, చకచకా. నన్ను చూసి కట్ట ఆపలేదు.

"అరే, సారు మనిషి వచ్చింది. ఏం కావాలె నీకు, బ్యాట్రీనా, సెల్లులా? సక్కగ చెప్పు, లేకుంటే మల్ల పక్కకు పెడత" అంది.

నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే చెయ్యి ఎత్తింది.

"నాకు తెల్సే."

"ఏం తెల్సక్కా?"

"నువ్వు గుమ్మంల నిలవడ్డవు. నీ నీడ అర మీద పడ్డది. ఏదో అనెటట్టున్నవని రెండుసార్లు మలిగి సూసిన. అనకపోతివి. సరే, మంచిగనే చేస్తున్నననుకున్న." ఒక కట్టకు అరటినార చుట్టి పళ్లతో బిగించింది. "గా తలుపు తీసిన దినమే సమజైంది నాకు. నువ్వు సారుకు చెప్పిన మాట ఇని."

"మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా?"

"అని? నీ స్టూలు కూడ పోవాల్నా?"

అంతే అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. నేను తల దించుకుని ఒక కొత్తిమీర కాడను తుంచుతూ ఉన్నాను. గడప మీద ఆమె బిడ్డ నిలబడి ఉంది, లోపలికి పోకుండా, బయటికి రాకుండా. అక్క దాని వైపు చూడలేదు గానీ గొంతు తగ్గించింది.

"కొలువు పోయింది, పోనీ. సదువు పోయింది, అది నాకింక మంట. కానీ ఇన్నేండ్లు నా బిడ్డ నన్ను తెలివితక్కువది అనుకుంట నా ఎదురుంగ అన్నం తిన్నది. గది... దానికి చెప్పినవా నువ్వు?"

"చెప్పిన అక్కా. అంతా చెప్పిన. దాని తర్వాతనే ఇక్కడికొచ్చిన."

అక్క చేతులు అప్పుడు ఆగాయి. గడప వైపు తిరిగింది. బిడ్డ వచ్చి తల్లి పక్కన అరుగు మీద కూర్చుని, కుప్పలోంచి ఒక పిడికెడు కొత్తిమీర తీసుకుంది. వేర్లు సమంగా తట్టి తల్లి చేతికి ఇచ్చింది. అక్క నార చుట్టింది.

కాసేపయ్యాక నాతో, "నేల మీద కూసున్నవేంది, పైకి రా. నువ్వూ కట్టు. ఇగ మల్ల సదురుమంటే నాతోని కాదు" అంది.

ముగ్గురం కట్టలు కట్టాం. క్షమించాననలేదు, నేను అడగలేదు. వచ్చేటప్పుడు అక్క లోపలి నుంచి ఒక బ్యాట్రీ తెచ్చింది. అర మీద పాడైన వాటిలో ఒకటి, రావద్దన్న రోజు వెంట తెచ్చుకుందట. స్ప్రింగు మీది పిండిని నిమ్మకాయ రసంతో గీకి గీకి కడిగిందట, కొత్త సెల్లులు వేసిందట. అరచేతిలో మూసి వెలిగించి నా ముందు పెట్టింది. వేళ్ల సందుల్లో ఎర్రగా కనపడింది. నాకు ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. చూపించి, ఆర్పి, మళ్లీ లోపల పెట్టుకుంది.

ఇదీ నా సంగతి. ఇంత సేపు నా దగ్గర కూర్చున్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఒక మాట ఎవరికైనా సగమే అర్థమైతే, నవ్వుతారన్న భయం లేకుండా రెండోసారి అడగగలగాలి. తెలిసినవాళ్లు గుమ్మంలో నిలబడిపోకుండా లోపలికి వచ్చి చెప్పాలి. మీ పిల్లలు మీ ఎదురుగా అన్నం తినేటప్పుడు మీ గురించి మంచే అనుకోవాలి.